కీపర్ పడకూడదు

మా ఆయన ఇరవై రెండేళ్ళుగా పడుతున్నాడు. అదే ఆయన ఉద్యోగం. హీరో గుద్దితే పడాలి, తన్నితే పడాలి. హీరో కోపంగా తలుపు తోసినా ఆ గాలికి ముగ్గురు నలుగురు పడాలి కాబట్టి వాళ్ళలో ఒకడిగా పడాలి. సినిమా వాళ్ళు ఈ పనికి ఫైటర్ అని పేరు పెట్టారు. పేరే గాని ఆయన ఇంతవరకు ఒక్క ఫైట్‌లోనూ గెలిచిన పాపాన పోలేదు. నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. హీరోయిన్లకి, హీరోయిన్ల స్నేహితురాళ్ళకి, ఒకసారి మాట్లాడే మేకకి కూడా గొంతిచ్చాను. మా ఇద్దరి మొహాలూ ఎవరికీ తెలియవు. మోతీనగర్‌లో మా ఇంటి ముందుకొచ్చే కూరగాయల బండతను మమ్మల్ని బ్యాంకు ఉద్యోగులనుకుంటాడు.

అలాంటి మనిషికి ఆమధ్య ఒక వేషం దొరికింది. పడే వేషం కాదు, మాట్లాడే వేషం. బేస్‌బాల్ మీద సినిమా. కథలో టీము ఉంటుంది, ఆ టీములో మా ఆయన ఒకడు. పాత్రకి పేరుంది. ఇంటర్వెల్ తర్వాత చనిపోయిన తల్లి ఫొటో ముందు నిలబడి చెప్పే డైలాగు కూడా ఉంది, అరపేజీ. అప్పటిదాకా ఆయన తెర మీద అన్న మాటలన్నీ పోగేస్తే "రేయ్", "అమ్మా", "అన్నా వదిలెయ్ అన్నా" అంతే. ఆ అరపేజీ కాగితం ఆయన పర్సులో పెట్టుకుని తిరిగాడు. స్నానం చేస్తూ చెప్పాడు, బండి తుడుస్తూ చెప్పాడు, బతికున్న మా అత్తగారి ముందు కూడా ఒకసారి కళ్ళనీళ్ళతో చెబితే ఆవిడ భయపడి చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒకడు బంతి విసురుతాడు, ఒకడు బ్యాటుతో కొడతాడు. కొట్టినవాడు నాలుగు మూలలూ చుట్టి, బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక రన్. ఆ చోట కాపలా కాసేవాడు మా ఆయన. పరిగెత్తేవాడు వచ్చేలోపు బంతి అందుకుని వాణ్ణి ముట్టుకుంటే అవుట్. ఆ కాపలావాడికి ఇంగ్లీషులో వేరే పేరుంది గాని మేమంతా కీపర్ అనే అన్నాం. కీపర్‌కి మొహం మీద ఇనప జాలీ కూడా ఉంటుందని తెలిసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళకి వేషం దొరికితే మొహానికి కిటికీ బిగించారేంటండీ అని అడిగాను. డైలాగప్పుడు తీస్తరులే అని ఆయనే నన్ను ఓదార్చాడు.

మూడు నెలలు ట్రైనింగ్, తొమ్మిది రోజులు షూటింగ్. తర్వాత హీరోగారికి ఉన్నట్టుండి అనుమానం వచ్చిందట. ఈ ఆటలో కొట్టినవాడు కొట్టి పారిపోతున్నాడేమిటి, హీరో అన్నవాడు కొట్టి నిలబడాలి గదా అని. కబడ్డీకి మార్చమన్నాడు. డైరెక్టర్ ససేమిరా అన్నాడు. సినిమా ఆగిపోయింది.

కానీ టీము ఆగలేదు. నిజమైన మ్యాచ్‌లు తీస్తే సహజంగా ఉంటుందని, ఊళ్ళో ఆదివారాలు జరిగే ఒక చిన్న లీగులో ప్రొడక్షన్ వాళ్ళు మా వాళ్ళ పేర్లు ముందే రాయించేశారు. సినిమా ఆపినవాళ్ళకి ఆ పేర్లు కొట్టేయించాలని గుర్తు రాలేదు. లీగు వాళ్ళు ఫోన్ చేసి ఫలానా ఆదివారం మీ మ్యాచ్ అన్నారు. పదిమంది ఫైటర్లూ నలుగురు జూనియర్ ఆర్టిస్టులూ ఆ ఆదివారం ఖాళీగానే ఉన్నారు, వెళ్ళారు.

సినిమా కోసం కుట్టిన బట్టలే వేసుకున్నారు. కంటిన్యుటీ కోసం, అంటే షాటు షాటుకీ ఒకేలా కనిపించాలని, కాస్ట్యూమ్స్ అక్క వాటి మీద మట్టి మరకలు కూడా ముందే వేసి ఉంచింది. ఎడమ మోకాలి మీద ఒకటి, కుడి భుజం మీద ఒకటి, పద్నాలుగు మందికీ ఒకే చోట. ఆట మొదలవకముందే ఇంత మట్టి కొట్టుకున్న మనుషుల్ని చూసి అవతలి ఇంజనీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. వీపుల మీద ఉన్నవి పాత్రల పేర్లు. స్కోరు పుస్తకంలోకీ అవే ఎక్కాయి.

గెలిచారు. రెండో ఆదివారం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళ మీద గెలిచారు. మూడోదీ గెలిచారు, నాలుగోదీ గెలిచారు. నాలుగో మ్యాచ్ తర్వాత ఏదో పేపర్లో లోపలి పేజీలో అగ్గిపెట్టంత వార్త వచ్చింది. అది ప్రొడ్యూసర్ గారి కంట పడింది. మా వాళ్ళని జూబ్లీహిల్స్‌లో ఉన్న ఆఫీసుకి పిలిపించి, వాకిట్లోనే నిలబెట్టి, కుక్కని నిమురుతూ ఒక మాట ఇచ్చాడు. అయిదో మ్యాచ్ కూడా గెలిచి ఫైనల్‌కి వెళ్ళండి, సినిమా మళ్ళీ మొదలుపెడతా, హీరో లేకపోయినా పర్వాలేదు, మీరే హీరోలు అన్నాడు. మా ఆయన ఆ రోజు ఇంటికొచ్చి పర్సులోంచి ఆ కాగితం తీసి, మడతల దగ్గర చిరిగిందని వెనక టేపు అంటించాడు. అంతకు ముందు దేనికీ ఆయన అలా ఆశపడగా నేను చూడలేదు.

ఇక మా సోమవారం సభ గురించి చెప్పాలి. ఫిలింనగర్ వాలులో ఒక టీ బండి ఉంది. రికార్డింగ్ థియేటర్‌కి వెళ్ళేముందు నేనక్కడ ఆగుతాను. మ్యాచ్ మర్నాడు పొద్దున అభిమానులమంతా అక్కడ చేరేవాళ్ళం. అభిమానులంటే నలుగురం. నేను, కాస్ట్యూమ్స్ అక్క, ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో మేనేజరుగా చేసే ఆయన, వెంగళరావు నగర్ నుంచి వచ్చే రిటైరైన కో-డైరెక్టర్ గారు. నలుగురిలో ఎవరికీ ఆ ఆట రూల్సు పూర్తిగా తెలియవు. అయినా ఇంత పెద్ద స్టార్టింగ్ తర్వాత మా టీము ఎందాకా పోతుందన్న లెక్క మాత్రం ఎవరి లెక్క వాళ్ళకుంది.

మేనేజరు గారిది ఒకటే పాట. ఓపెనింగ్స్ వేరు, నిలబడటం వేరు. ఎంత పెద్ద సినిమా అయినా శుక్ర, శని, ఆదివారాలు ఎవడైనా ఆడిస్తాడు, సోమవారం మార్నింగ్ షో చూసి చెప్పాలి అనేవాడు. మ్యాచ్‌లు ఆదివారాలే గదండీ, సోమవారం ఏముంటుందంటే వినడు. సోమవారం పొద్దున పది దాటేదాకా ఆయన టీ కూడా తాగలేకపోయేవాడు. పదిన్నరకి ఏ చెడ్డవార్తా రాకపోతే, హమ్మయ్య, డ్రాప్ లేదు అని అప్పుడు గ్లాసు అందుకునేవాడు.

కో-డైరెక్టర్ గారు ఫస్టాఫ్, సెకండాఫ్ అని విడగొట్టేవారు. ఆయన దృష్టిలో నాలుగు విజయాలతో ఇంటర్వెల్ పడింది. ఇంత స్పీడుగా ఇంటర్వెల్ దాకా వచ్చిన ప్రతి కథా తర్వాత ఎక్కడో కూలబడుతుందని ముప్ఫై ఏళ్ళ అనుభవంతో ఆయన దిగులు. హీరోయిన్ లేదు, కామెడీ ట్రాక్ లేదు, ఇక సెకండాఫ్ ఎలా లాగుతారు అని నన్నే అడిగారు.

కాస్ట్యూమ్స్ అక్కకి ఈ చర్చలతో పని లేదు. "నజర్ తగుల్తది. నాలుగు గెలిచిన్రు, ఊరంత చూస్తుంది. గుమ్మడికాయ కొట్టాలె," అంది.

దాంతో పెద్ద గొడవైంది. సినిమాల్లో గుమ్మడికాయ కొట్టేది షూటింగ్ మొత్తం అయిపోయిన రోజున. ఇప్పుడు కొడితే టీము ప్యాకప్ చెప్పేసినట్టే అని కో-డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేచిపోయారు. కొట్టకపోతే దిష్టి ఎవరు తీస్తారని అక్క. సగం గుమ్మడికాయ కొడితే ఎలా ఉంటుందని మేనేజరు గారు. సగం కాయ కొట్టడమెలాగో అరగంట ఆలోచించాం, నిజం చెప్తున్నా, నలుగురు పెద్దవాళ్ళం. చివరికి నిమ్మకాయలతో సరిపెట్టారు. నేను మా చర్చిలో ప్రార్థన కోరిక రాసిచ్చాను. పాస్టరు గారికి ఆ ఆట ఏమిటో తెలియక, ఈ సహోదరి భర్త యొక్క బంతి కొరకు అని ప్రార్థించారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు.

నా అనుమానం మాత్రం దిష్టి గురించి కాదు. నేను పొద్దస్తమానం తెర మీద నోళ్ళు చూసి బతికేదాన్ని. పెదవి ఎలా కదిలితే ఏ మాటో చెప్పగలను, మాట వినపడక్కర్లేదు. నాలుగు మ్యాచ్‌ల్లోనూ అవతలివాడు పరిగెత్తుకొస్తున్నప్పుడు వాడి నోరు చూశాను. ప్రతిసారీ ఒకటే జరిగింది. వాడు దగ్గరికి రాగానే మా ఆయన గాల్లోకి లేచి, తిరిగి, దబ్బున పడేవాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, ఎవడు మీదికొచ్చినా కాలు దానంతటదే లేస్తుంది. పరిగెత్తే కుర్రాడు అది చూసి హడలిపోయి ఆగేవాడు. వాడి పెదవుల మీద "అయ్యో అన్నా, తగిలిందా?" అన్న మాట స్పష్టంగా కనిపించేది. వాడు అలా ఆగి అడుగుతుండగా మా ఆయన పడుకునే బంతితో వాడి కాలు ముట్టుకునేవాడు. అవుట్. మిగతా ఫైటర్లు కూడా అంతే, తలో మూలా పడ్డారు, తలో కుర్రాడూ జాలిపడ్డాడు. మా నాలుగు విజయాలూ అవతలివాళ్ళ మంచితనమే.

ఈ మాట సోమవారం సభలో చెప్పాను. నన్ను తినేసినంత పని చేశారు. నెగెటివ్ టాక్ మొదలుపెట్టేది ఎప్పుడూ సొంత మనుషులే అని మేనేజరు గారు నా వైపు చూడటం మానేశాడు. అక్క నా టీ గ్లాసు దగ్గర కూడా నిమ్మకాయ తిప్పింది. నేను ఊరుకోలేదు. అయిదో మ్యాచ్ ఎవరితోనో కనుక్కోండి ముందు అన్నాను. కనుక్కున్నారు. స్కూళ్ళలో పనిచేసే పీఈటీ మాస్టర్ల టీము.

అక్క చేతిలో నిమ్మకాయ తిప్పడం ఆపేసింది. డ్రిల్లు ఎగ్గొట్టడానికి కడుపునొప్పి నటించే పిల్లల్ని జీవితమంతా చూసినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ ముందు పడితే జాలి మాట దేవుడెరుగు, లేచి గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టమంటారు. కో-డైరెక్టర్ గారు మెల్లిగా నా వైపు తిరిగి, "అమ్మా, కీపర్ పడకూడదు. ఎలా చేస్తావో ఏమో, ఆయన పడకూడదు," అన్నారు.

ఆ వారం మా హాల్లో షూటింగ్ లేని ఫైట్ నడిచింది. సోఫా దిండొకటి ముందు పట్టుకుని వంటగది దగ్గర్నుంచి నేను పరిగెత్తుకొచ్చేదాన్ని. ఆయన వీధి తలుపుకి వీపు పెట్టి, చేతిలో బత్తాయికాయతో నిలబడేవాడు. నేను మూడడుగుల దూరంలో ఉండగానే గాల్లోకి లేచేవాడు. సోమవారం టీపాయ్ మీద పడ్డాడు. మంగళవారం ఇస్త్రీ బట్టల మీద. నా దిండు ఆయనకి తగిలితేగా! తగలకుండానే పడటమే ఆయన పనితనం. నాకు చిర్రెత్తుకొచ్చి, నేను ఆడదాన్ని, అయిదడుగులున్నాను, చేతిలో దూదిదిండు, ఎందుకు పడతారండీ అని అరిచాను.

"నేను పడ్తలేనే. కాలే లేస్తుంది. నేను జెప్తే ఇంటలేదది," అన్నాడు నేల మీంచి, ఎంతో బాధగా.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కింది వాటా పెద్దావిడ వచ్చింది. రెండ్రోజులుగా పైన దబ్బు దబ్బుమని చప్పుళ్ళు వింటోంది పాపం. వచ్చి చూస్తే ఏముంది, మొగుడు నేల మీద, పెళ్ళాం జుట్టు విరబోసుకుని మీద నిలబడి ఉంది. ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి, మగవాళ్ళు తప్పు చేస్తే నోటితో చెప్పాలి గాని గట్ల చెయ్యి లేపొద్దు బిడ్డా అని చాలాసేపు బుద్ధి చెప్పింది. ఆటకి ప్రాక్టీసండీ అంటే నమ్మలేదు. మర్నాటి నుంచి ఆయన మెట్లు దిగేటప్పుడల్లా ఆవిడ ఒక అరటిపండు చేతిలో పెట్టి ఓపిక పట్టు నాయినా అనేది.

గురువారానికి గుట్టు దొరికింది. ఫైటర్ ఎప్పుడూ ఎదుటివాడి భుజం చూస్తాడట. గుద్దు అక్కడ మొదలవుతుంది కాబట్టి, భుజం కదిలితే వీళ్ళ కాలు కదులుతుంది. నాకూ డబ్బింగ్‌లో అలాంటిదే ఒకటుంది. హీరోయిన్ కళ్ళల్లోకి చూశానా, మాట తప్పుతుంది. నోరొక్కటే చూడాలి. అదే చెప్పాను, మనిషిని చూడకండి, బత్తాయికాయ ఒక్కటే చూడండి అని. శుక్రవారం తూలి నిలబడ్డాడు. శనివారం సాయంత్రం నేను వంటగదిలోంచి నా శక్తంతా పెట్టి పరిగెత్తాను. గోడకి గుద్దుకున్నట్టయింది. పడింది నేను. లేచి చూస్తే ఆయన కదలకుండా, కాయ పట్టుకుని, తనని తనే నమ్మలేనట్టు నిలబడి ఉన్నాడు. నాకు మోచెయ్యి కొట్టుకుపోయింది గాని ఆ సంతోషం ఇప్పటికీ గుర్తే. ఆ రాత్రి అన్నాల దగ్గర ఆయన అరపేజీ డైలాగు మొత్తం చెప్పాడు. నిజంగా బాగా చెప్పాడు.

ఆదివారం పొద్దున గ్రౌండులో ప్రొడ్యూసర్ గారికి గొడుగు, కుర్చీ వేశారు. పక్కన ఆయన ప్రొడక్షన్ మేనేజరు. మేం నలుగురం గీతకి ఇవతల, ప్లాస్టిక్ కుర్చీల్లో. మాస్టర్లు ఈలలు మెళ్ళో వేసుకునే ఆడటానికొచ్చారు. మొదట్లోనే మా ఫైటరొకడు రెండో మూల దగ్గర అద్భుతంగా పడితే, మాస్టరు వాడి మీదుగా దాటుకుంటూ, లే లే, నాటకాలు చాలు అని వెళ్ళిపోయాడు. నేను పెదవులు చూడక్కర్లేకపోయింది, గ్రౌండంతా వినపడింది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

కానీ మా ఆయన నిలబడ్డాడు. లావుపాటి మాస్టరొకడు ఎద్దులా వచ్చాడు. ఈయన బంతినే చూస్తూ కాళ్ళు పాతేసినట్టు నిలబడితే, ఆ మాస్టరు ఢీకొని కింద కూర్చుండిపోయాడు. అవుట్. ఇంకోసారి ఇంకొకడు. మళ్ళీ అవుట్. కో-డైరెక్టర్ గారు కళ్ళు తుడుచుకుంటూ, సెకండాఫ్ పట్టుకుందమ్మా అన్నారు. మేనేజరు గారు సోమవారం వరకు ఆగకుండా బ్లాక్‌బస్టర్ అనేశాడు.

చివరి ఘట్టానికి మేము ఒక్క రన్ ముందున్నాం. మాస్టర్లది ఆఖరి అవకాశం. వాళ్ళ మనుషులు ఇద్దరు మూలల్లో కాచుకుని ఉన్నారు, ఇంకొక్క అవుట్ అయితే ఆట అయిపోతుంది, మేం ఫైనల్‌లో ఉంటాం. బ్యాటు మోగింది. బంతి దూరంగా వెళ్ళింది. మా వాడొకడు దాన్ని పట్టుకుని గట్టిగా విసిరాడు. అది నేరుగా వచ్చి మా ఆయన చేతుల్లో పడింది. పరిగెత్తుకొచ్చే మాస్టరు ఇంకా పదడుగుల దూరంలో ఉన్నాడు. ఇక చెయ్యాల్సిందేమీ లేదు. నిలబడాలి, వాడొస్తే ముట్టుకోవాలి. గ్రౌండంతా నిశ్శబ్దమైపోయింది. ఇటు ఒక మనిషి, అటు ఒక మనిషి, మధ్యలో ఖాళీ, ఎండ సరిగ్గా పడుతోంది, అచ్చం షాట్ పెట్టినట్టు.

కో-డైరెక్టర్ గారు ముప్ఫై ఏళ్ళు సెట్లో మైకు పట్టుకున్న మనిషి. అంతా సిద్ధమై, అందరూ గప్‌చుప్‌గా నిలబడ్డ ఆ క్షణంలో ఆయన నోరు ఆయన వశంలో లేదు. కుర్చీ ఎక్కి నిలబడి గ్రౌండు దద్దరిల్లేలా, "యాక్షన్!" అని అరిచారు.

మా ఆయన పడ్డాడు. ఆయనొక్కడే కాదు, గ్రౌండులో ఎక్కడి ఫైటర్లు అక్కడ పడ్డారు. ఒకడు ఎవరూ లేని చోట తనంతట తనే రెండు పల్టీలు కొట్టి పడ్డాడు. దూరంగా ఉన్న ఇద్దరు జూనియర్ ఆర్టిస్టులు ఏదో మాట్లాడుకుంటున్న మామూలు జనంలాగా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టారు. బంతి దొర్లుకుంటూ పోయింది. మాస్టరు బయల్దేరిన చోటికి వచ్చేశాడు. అతని వెనక రెండోవాడు తొందర లేకుండా, పడ్డవాళ్ళని చూసుకుంటూ, షికారుకొచ్చినట్టు నడుచుకుంటూ వచ్చాడు. ఒక్క రన్ తేడాతో ఓడిపోయాం.

ఇక్కడ నేను నిజం రాయాలి. ఆయన పడిన ఆ పడటం ఉందే, అంతకు ముందు నాలుగు మ్యాచ్‌ల్లో పడినవి దాని ముందు దిగదుడుపు. నిటారుగా లేచాడు. నడుము దగ్గర మెలి తిరిగాడు. ఎంతసేపు గాల్లో ఉన్నాడంటే, అయ్యో ఇంకా దిగడేంటి అనిపించింది. దిగినప్పుడు దుమ్ము చుట్టూ ఒకే ఎత్తున లేచింది. అది చూసి నా చేతులు చప్పట్లు కొట్టేశాయి. ముందు కొట్టింది నేనే. వారమంతా దిండు పట్టుకుని పడొద్దు పడొద్దు అని ప్రాణం తీసిన మనిషిని, నేనే. నా తర్వాత అక్క, మేనేజరు గారు, గొడుగు కింద ప్రొడ్యూసర్ గారు కూడా లేచి కొట్టారు.

కో-డైరెక్టర్ గారు అప్పటికే అంపైర్ దగ్గరికి పరిగెత్తారు. వన్ మోర్ సార్, ఆర్టిస్టులు బాగానే చేశారు, తప్పు నాది, ఒక్క వన్ మోర్ అని చేతులు పట్టుకున్నారు. అంపైర్ ఏదో గవర్నమెంటు ఆఫీసులో పనిచేసే పద్ధతైన మనిషి. ఇందులో రెండోసారి ఉండదండీ అని మర్యాదగా చెప్పి పుస్తకం మూశాడు. కో-డైరెక్టర్ గారు అక్కడే గడ్డిలో కూలబడ్డారు. ఆ పెద్దాయన్ని తిట్టాలని వెళ్ళాను, చూశాక తిట్టలేకపోయాను.

ప్రొడ్యూసర్ గారు కారెక్కేముందు తన ప్రొడక్షన్ మేనేజరుతో ఏదో అన్నాడు. అతను పరుగున మా ఆయన దగ్గరికొచ్చి, సార్‌కి మీ ఫాల్ తెగ నచ్చింది, వేరే సినిమాలో రెండో అంతస్తు నుంచి పడేది ఉంది, రెండ్రోజులు డేట్స్ ఉంటాయా అని అడిగాడు. బేస్‌బాల్ సినిమా సంగతేంటని నేనడిగాను. అతను నన్ను జాలిగా చూశాడు. మా ఆయన దుమ్ము దులుపుకుంటూ, వస్తనని చెప్పున్రి అన్నాడు.

బండి మీద ఇంటికి బయల్దేరాం. నాకు ఏడుపొస్తోంది, కోపమూ వస్తోంది. యూసఫ్‌గూడ దాకా ఓర్చుకున్నాను. ఆ ముసలాయన నోరు కాస్త మూసుకుని ఉంటే మీ సినిమా మొదలయ్యేది గదా, వారమంతా నిలబడటం నేర్చుకున్నారు గదా, ఒక్క మాటకి అలా ఎలా పడిపోయారండీ అని వీపు వెనక నుంచి నిలదీశాను. ఎర్రగడ్డ దగ్గర సిగ్నల్ పడి ఆగాం.

"ఇరవై రెండేండ్లల్ల, ముంగట హీరో లేకుండ నాకు యాక్షన్ జెప్పింది ఇయ్యాల్నే ఫస్టు," అన్నాడు ముందుకే చూస్తూ. "ఎట్ల పడకుంట ఉంటనే?"

రైతుబజార్ సంచులతో జనం మా ముందు నుంచి రోడ్డు దాటుతున్నారు. ముందు చప్పట్లు కొట్టింది నేనేనని చెప్పాను.

"ఇన్న," అన్నాడు.

సిగ్నల్ మారింది. వెనక హారన్లు మొదలయ్యాయి. ఆయన బండి కదిలించకుండా తల కొంచెం వెనక్కి తిప్పి, మంచిగ పడ్డనా అని అడిగాడు.

"చాలా బాగా పడ్డారండీ," అన్నాను.